తూలే గుర్రానికి మూలకణాలు: ఎక్కించాలా, ఆగాలా?

తెల్లచుక్క (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా చుక్కకి తొమ్మిదేళ్లు, విత్తులు తీయించిన మగ గుర్రం. ఏడాదిగా వెనక కాళ్లలో ఏదో తేడా కనిపిస్తోంది. మొదట్లో బద్ధకం అనుకున్నాం. తర్వాత చూస్తే వెనక డెక్కల ముందు అంచు పలకలా అరిగిపోయి ఉంది, కాలు ఎత్తకుండా ఈడుస్తోందన్నమాట. చిన్న వలయంలో తిప్పితే బయటివైపు వెనక కాలు అక్కర్లేనంత దూరం విసురుతుంది. నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం పోయిన నెల జరిగింది. నీళ్లతొట్టి దగ్గర నిలబడి తాగుతోంది. వెనక కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని ముందొకటి అడ్డంగా పడి ఉన్నాయి. తాగడం అయిపోయి తల ఎత్తాక కూడా కాళ్లు సర్దుకోలేదు. అలా ఉన్నాయని దానికే తెలియనట్టు అనిపించింది.

చూసిన డాక్టరు గారు మెడ నరాల సమస్య, అటాక్సియా, అంటే కాళ్ల అదుపు తప్పి తూలడం, 5కి 2వ గ్రేడు అన్నారు (అంకె పెరిగితే తూలుడు ఎక్కువ). మెడ ఎక్స్‌రేలో ఆరు, ఏడు పూసల మధ్య కీళ్లు బాగా ఉబ్బి ఉన్నాయన్నారు. ఇంకోచోట అడిగితే మూలకణాల (స్టెమ్ సెల్స్) చికిత్స చేస్తాం, రక్తనాళంలోకి మూడుసార్లు ఎక్కిస్తాం, దెబ్బతిన్న నరాలు మళ్లీ పుట్టుకొస్తాయి అన్నారు. చాలా పెద్ద ఖర్చు. అయినా దానికోసం పెట్టడానికి నేను సిద్ధమే. పనిచేస్తుందా అన్నదే నా ప్రశ్న. తెలిసినవాళ్లు చెప్పండి.

గడ్డివాము

చేయించండి. మా ఆడగుర్రానికి ముందు కాలి స్నాయువు (టెండన్) చిరిగినప్పుడు దాని ఎముక మూలుగలోంచే కణాలు తీసి పెంచి, చిరిగినచోటే వేశారు. ఏడాదికి మళ్లీ పరుగుకి వచ్చింది. గుర్రాలకి ఈ చికిత్స కొత్తదేం కాదు, 2003 నుంచీ స్నాయువులకి చేస్తున్నారు. నరాలకి మాత్రం ఎందుకు పనిచేయదు?

వెన్నుపూస

నేను పశువైద్యుణ్ణి, ఎక్కువగా చూసేది గుర్రాల నరాల కేసులే. తెల్లచుక్క గారూ, కణాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు కొన్ని ప్రశ్నలు. మైలోగ్రామ్, అంటే మందు ఎక్కించి తీసే వెన్నుపాము ఎక్స్‌రే, చేశారా? రక్తంలో విటమిన్ ఇ చూశారా? ముందు కాళ్లలో కూడా తూలుడు ఉందా? తోక పట్టి పక్కకి లాగితే ఎదురు నిలుస్తుందా, ఒరిగిపోతుందా? ఈ ఏడాదిలో ఎప్పుడైనా జ్వరం వచ్చిందా?

ఇంకో మాట. అది తేలేదాకా దాని మీద ఎవరూ ఎక్కకండి. 2వ గ్రేడు గుర్రం కాలు తడబడి పడితే పైనున్న మనిషి దాని కిందే పడతాడు.

తెల్లచుక్క

ఎక్కడం ఎప్పుడో మానేశామండీ. మైలోగ్రామ్ చేయలేదు, ఎక్స్‌రే ఒక్కటే. విటమిన్ ఇ గురించి ఎవరూ చెప్పలేదు. ముందు కాళ్లు కొంచెం బిగుసుకున్నట్టు వేస్తుంది, వెనకవాటి అంత కాదు. తోక లాగితే నడుస్తున్నప్పుడు సులువుగా నావైపు వచ్చేస్తుంది. జ్వరం రాలేదు.

వెన్నుపూస

మీరు చెప్పినవన్నీ మెడలో వెన్నుపాము నొక్కుకుపోవడానికి సరిపోతాయి. వెనక కాళ్లకి వెళ్లే దారులు వెన్నుపాములో బయటి అంచున ఉంటాయి. అందుకే నొక్కుడు మెడలో ఉన్నా తేడా ముందు కనపడేది వెనక కాళ్లలో. దీన్నే వాబ్లర్ అంటారు. గబగబా ఎదిగే కుర్ర గుర్రాల్లో ఒక రకం వస్తుంది. మీ చుక్క వయసు గుర్రాల్లో మెడ కింది పూసల కీళ్లు వాచి, ఎముక పెరిగి, వెన్నుపాము ఉండే కాలువ ఇరుకై వచ్చే రకం ఎక్కువ.

కానీ ఎక్స్‌రేలో కీళ్లు ఉబ్బినంత మాత్రాన వెన్నుపాము నొక్కుకుందని చెప్పలేం. ఏ తూలుడూ లేని గుర్రాలకి కూడా ఆరు, ఏడు పూసల దగ్గర అలాంటి కీళ్లు ఉంటాయి. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో కాలువ వెడల్పుని పూస వెడల్పుతో పోల్చే కొలత ఒకటుంది. మెడ నడిమి పూసల దగ్గర అది 52 శాతం కంటే, ఏడో పూస దగ్గర 56 శాతం కంటే తగ్గితే అనుమానం గట్టిపడుతుంది. అయినా అది అనుమానమే. వెన్నుపాము పొరలోకి మందు పంపి, మెడ వంచి, చాచి తీసే మైలోగ్రామ్‌లోనే ఏ పూస దగ్గర ఎంత నొక్కుకుందో తెలుస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తూలే గుర్రాలన్నిటిదీ ఒకే జబ్బు కాదు. పచ్చగడ్డి దొరకని గుర్రాల్లో విటమిన్ ఇ తగ్గి నరాలు దెబ్బతినే జబ్బులున్నాయి. రక్తంలో మిల్లీలీటరుకి 2 మైక్రోగ్రాముల పైన ఉండాలి. అమెరికా ఖండాల్లో ఒపాసమ్ అనే జంతువు మలం ద్వారా వచ్చే ప్రోటోజోవా వెన్నుపాములో చేరి తూలిస్తుంది, దానికి మందులున్నాయి. హెర్పిస్ వైరస్ ఉంది, వెస్ట్ నైల్ అనే వైరస్ ఉంది. ఉన్నట్టుండి మొదలై రోజురోజుకీ ముదిరితే రేబిస్ కూడా మనసులో పెట్టుకుని, చేతికి గ్లవ్స్ లేకుండా నోట్లో చెయ్యి పెట్టకూడదు. ఏ జబ్బో తేల్చకుండా “నరాలకి కణాలు” అనేవాళ్లు దేనికి వైద్యం చేస్తున్నట్టు?

కణం_కథ

నేను డాక్టర్ని కాను, ప్రయోగశాలలో గుర్రం కణాలే పెంచుతుంటాను. “నరాలు మళ్లీ పుట్టుకొస్తాయి” అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నా.

వాళ్లు ఎక్కిస్తామన్నవి మీసెంకైమల్ కణాలు అయ్యుంటాయి. రొమ్ము ఎముక మూలుగ నుంచో, తోక మొదట్లో కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీస్తారు. తగినన్ని అయ్యేదాకా పెంచడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. ఇవి ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలవు. వెన్నుపాములో కొత్త నరకణాలుగా మారి తెగిన దారుల్ని అతుకుతాయని ఆశపెట్టుకోకూడదు. ఇవి చేసే పని వేరు. చుట్టూ ఉన్న వాపుని తగ్గించే పదార్థాలు వదులుతాయి, రోగనిరోధక కణాల దూకుడు తగ్గిస్తాయి, బతికున్న కణాలకి కొంత ఊతమిస్తాయి. కొన్నాళ్లకి అవీ పోతాయి. 1991లో వీటికి “మీసెంకైమల్ స్టెమ్ సెల్స్” అన్న పేరుని ప్రచారంలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చాలి, జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారు అని రాశారు. వీటిని “మందులా పనిచేసే సంకేతాలిచ్చే కణాలు” అనాలని ఆయన అభిప్రాయం.

రెండోది, రక్తనాళంలోకి ఎక్కించడం. సిరలోకి వెళ్లింది ఏదైనా ముందు గుండెకి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకి వెళ్తుంది. ఈ కణాలు పెద్దవి. ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఎక్కువ భాగం అక్కడే చిక్కుకుంటాయి. మెడలో వెన్నుపాము దాకా చేరేవి ఎన్ని? చేరినా మధ్యలో రక్తానికీ నరాలకీ మధ్య ఉండే గోడ ఒకటుంది.

గడ్డివాము గారూ, మీ గుర్రానికి పనిచేయడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. స్నాయువులో చిరుగు ఒక సంచిలా ఉంటుంది. స్కాన్‌లో చూస్తూ సూదితో ఆ సంచిలోనే వేస్తారు, కణాలు అక్కడే నిలుస్తాయి. వెన్నుపాములో అలాంటి సంచి లేదు.

గడ్డివాము

అర్థమైంది. మరి నేరుగా వెన్నుపాము ద్రవంలోకి వేస్తే?

కణం_కథ

మంచి ప్రశ్న, దీని మీద గుర్రాల్లోనే చేసిన పని ఉంది. 2018లో వచ్చిన పరిశోధన అది. ఆరు ఆరోగ్యంగా ఉన్న గుర్రాలకి, ఒక్కోదానికి 10 కోట్ల చొప్పున, వేరే గుర్రాల కొవ్వు నుంచి పెంచిన కణాల్ని వెన్నుపాము ద్రవంలోకి ఎక్కించారు. మూడింటికి తల వెనక, పుర్రె, మెడ మొదటి పూస కలిసే చోట. మూడింటికి నడుము కింద. నెల రోజులు చూశారు. నడకలో, రక్తంలో, ద్రవంలో చెడు ఏమీ కనపడలేదు. రెండు గుర్రాల్లో కణాలకి రేడియోధార్మిక గుర్తు పెట్టి వెంబడించారు. తల వెనక వేసినవి నడుము దాకా పాకాయి. నడుము దగ్గర వేసినవి పైకి దాదాపు రాలేదు.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. మెడలో వెన్నుపాము నొక్కుకున్న మూడు గుర్రాలకి, అంటే మీ చుక్కలాంటివాటికే, పచ్చగా వెలిగే ప్రోటీన్ ఉన్న కణాలు ఎక్కించి, ఒకటి రెండు వారాల తర్వాత శవపరీక్షలో మొత్తం నాడీమండలం వెతికారు. దెబ్బతిన్న చోటికి కణాలు వెళ్లి గూడు కట్టుకున్న దాఖలా దొరకలేదు.

అంటే ఎక్కించడం సురక్షితమే అనడానికి ఆధారం ఉంది, అదీ తక్కువ గుర్రాల్లో. నయం చేస్తుంది అనడానికి అది ఆధారం కాదు. నన్నడిగితే చాలా నిజాయితీగా చేసిన పని అది. కణాలు ఎక్కడికి వెళ్లలేదో కూడా చెప్పారు.

వెన్నుపూస

కణం_కథ గారు చెప్పినదానికి వైద్యుడిగా ఒకటి కలుపుతాను. తల వెనక నుంచి వేస్తే బాగా పాకుతుంది, నిజమే. కానీ అక్కడ సూది పెట్టాలంటే గుర్రాన్ని పూర్తి మత్తులో పడుకోబెట్టాలి. ఐదు వందల కిలోల తూలే గుర్రం మత్తులోంచి లేవడం చూసినవాళ్లకి తెలుసు. లేవబోతుంది, కాళ్లు ఎక్కడున్నాయో తెలియదు, మళ్లీ పడుతుంది. కాలు విరిగితే అంతే. నిలబెట్టి, తేలికపాటి మత్తుతో, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మొదటి, రెండో పూసల మధ్య నుంచి ద్రవం తీయొచ్చు. ఆ దారిని కణాలకి వాడటం తర్కానికి నిలుస్తుంది, కానీ పనిచేస్తుందన్న రుజువు వచ్చాకే నేను సిఫారసు చేస్తాను.

పగ్గం

నేను గుర్రాల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేదాన్ని, పన్నెండేళ్లు చేశాను. నాకు తెలిసింది చెబుతాను.

ఒకసారి హెర్పిస్ వచ్చి వెనక భాగం పడిపోయిన గుర్రం వచ్చింది. ముందు నాలుగు రోజులు జ్వరం, తర్వాత రాత్రికి రాత్రి కూలబడింది. మూత్రం దానంతటది రావడం లేదు, గొట్టం వేసి తీసేవాళ్లం. తోక చచ్చిన పాములా వేలాడేది. పట్టీల ఊయల్లో వేలాడదీసి, రెండు గంటలకోసారి ఒత్తిడి పడేచోట చర్మం చూసుకుంటూ, తొడలు రుద్దుతూ కూచునేవాళ్లం. పదకొండో రోజు తెల్లవారుజామున ఒక ఈగ వచ్చి తుంటి మీద వాలింది. తోక కదిలింది. ఈగని తోలేంత కాదు, ఓ బెత్తెడు. నేను డాక్టరు గారికి ఫోన్ చేసి ఏడ్చేశాను. నాలుగు నెలలకి అది నడిచి ఇంటికి వెళ్లింది.

దానికి ఏ కణాలూ వేయలేదు. వాపు తగ్గే మందులు, ఊయల, మనుషుల చేతులు, అంతే. ఒకవేళ రెండో రోజు ఎవరో వచ్చి కణాలు ఎక్కించి ఉంటే, ఆ తోక కదలిక కణాల ఖాతాలోకే వెళ్లేది. మేమందరం నమ్మేవాళ్లం, నేనైతే ఒట్టేసి చెప్పేదాన్ని. అందుకే “ఫలానా గుర్రం రెండు నెలల్లో బాగుపడిందట” అనేది వింటే నేను ఆగుతాను. పోల్చుకోవడానికి కణాలు వేయని గుర్రాలు పక్కన ఉన్నాయా?

గ్రేడ్ల సంగతి కూడా చెప్పాలి. సున్నా నుంచి ఐదు దాకా వేసే అంకె చూసేవాళ్ల కంటిని బట్టి మారుతుంది. ఒకే గుర్రాన్ని ఇద్దరు డాక్టర్లు ఒకేరోజు చూసి ఒకరు 1, ఒకరు 2 వేయడం నా కళ్లారా చూశాను. తెల్లచుక్క గారూ, ఇప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. చిన్న వలయం రెండు వైపులా, వెనక్కి నడిపించడం, తల పైకెత్తి నడిపించడం, వాలు ఎక్కి దిగడం. నెలనెలా అదే నేల మీద అలాగే తీయండి. ఎప్పుడు తీసిందో తెలియనివ్వకుండా డాక్టరుకి చూపించండి. ఏ చికిత్స చేయించినా అది పనికొస్తుంది.

గడ్డివాము

పగ్గం గారూ, కళ్లు తడిశాయి. నేను మొదట తొందరపడి రాశాను.

పగ్గం

మీ గుర్రం బాగుపడింది కాబట్టి మీకు ఆశ ఉంది, అందులో తప్పేముంది. ఇంకోటి కూడా చెప్పేస్తాను, మనసులో ఉండిపోయింది. ఒక గుర్రానికి కీలులోకి వేరే గుర్రం కణాలు వేశారు, మొదటిసారి ఏమీ కాలేదు. నెలన్నర తర్వాత రెండో డోసు వేస్తే రాత్రికే కీలు ఉబ్బిపోయి, కాలు కింద పెట్టలేదు. ముందు సైజూ, తర్వాత సైజూ నేనే టేపుతో కొలిచి రాశాను. యజమానికి ఆ ప్రమాదం ఉందని ముందు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

కణం_కథ

ఆ ప్రమాదం నిజమే. కణాల మీద ఉండే గుర్తింపు ప్రోటీన్లు పొసగకపోతే, పుచ్చుకున్న గుర్రం వాటి మీద యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. మొదటి డోసు పరిచయం, రెండోది గొడవ. మూడు డోసులు అంటున్నారు కాబట్టి తెల్లచుక్క గారు తప్పకుండా అడగాలి. కణాలు చుక్కవేనా, వేరే గుర్రానివా? పెంచేటప్పుడు దూడ రక్తంలోంచి తీసిన సీరం వాడారా, వాడితే ఎక్కించేముందు ఎలా పోగొట్టారు? ఎక్కించేరోజున ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టి కాగితం మీద ఇస్తారా? బాక్టీరియా, మైకోప్లాస్మా పరీక్ష చేస్తారా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

అనుమతుల సంగతి కూడా చూడండి. యూరప్‌లో గుర్రాల కోసం మొట్టమొదటి మూలకణ మందుకి 2019లో అనుమతి వచ్చింది, కీళ్లవాపు వల్ల వచ్చే కుంటికి. అదే ఏడాది బొడ్డుతాడు కణాలతో ఇంకొకటి, అదీ కీళ్లకే. 2022లో స్నాయువులకి ఒకటి. మూడూ కాళ్లకే, నరాలకి ఒక్కటీ లేదు. అమెరికాలో 2015 నుంచీ జంతువుల కణ చికిత్సల్ని మందులుగానే లెక్కించి నియంత్రిస్తున్నారు.

ఈల_గొంతు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా గుర్రానికి పరుగులో గొంతులోంచి ఈల లాంటి శబ్దం వస్తుంది, ఎడమ స్వరపేటిక నరం చచ్చిందన్నారు. దీనికైనా కణాలు పనికొస్తాయా? ఇది వెన్నుపాము కాదు కదా.

వెన్నుపూస

ఆ ఎడమ నరం మెడంతా దిగి, ఛాతీలో పెద్ద ధమనిని చుట్టుకుని, మళ్లీ మెడంతా ఎక్కి గొంతుకి వస్తుంది. పెద్ద గుర్రంలో రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. నరం మళ్లీ పెరిగితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. లెక్క మీరే వేసుకోండి, మొదటినుంచీ పెరగాలంటే దాదాపు ఏడేళ్లు. అప్పటికి కండరం ఎండిపోయి ఉంటుంది. అందుకే కట్టు వేసి స్వరపేటికని తెరిచి ఉంచే శస్త్రచికిత్స గానీ, మెడ మొదటి నరాన్ని తెచ్చి ఆ కండరానికి అతకడం గానీ చేస్తారు. రెండోదానిలో నరం ప్రయాణించాల్సిన దూరం కొద్ది సెంటీమీటర్లే కాబట్టి పనిచేస్తుంది. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, వివరంగా రాస్తాను.

తెల్లచుక్క గారి విషయానికి వస్తాను. నొక్కుతున్నది ఎముక అయితే, దాన్ని కణాలు తోసేయలేవు. చెప్పు కింద వేలు నలుగుతుంటే వేలికి మందు రాసినట్టుంటుంది. ముందు చెప్పు తీయాలి. అందుకు ఉన్న దారి పూసల్ని కలిపేసే శస్త్రచికిత్స. పూసల మధ్య లోహపు బుట్ట పెట్టి కదలిక ఆపేస్తే, నొక్కుడు తగ్గి, ఉబ్బిన కీళ్లు కూడా నెలలు గడిచేకొద్దీ కుంచించుకుంటాయి. జార్జ్ బాగ్బీ అనే ఎముకల డాక్టరు, గుర్రాల వైద్యులతో కలిసి 1970ల చివర్లో దీన్ని గుర్రాల్లో మొదలుపెట్టారు. అదే బుట్ట తర్వాత మనుషుల వెన్నుకి వెళ్లింది. 1977లో అమెరికా గుర్రప్పందేల్లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సియాటిల్ స్లూ అనే గుర్రానికి 2000లో, 2002లో మెడకి ఇలాంటి శస్త్రచికిత్సలే చేశారు, అప్పటికి అది ఇరవై దాటిన ముసలి గుర్రం.

ఇదీ అద్భుతం కాదు. సాధారణంగా ఒకటి, రెండు గ్రేడ్లు మెరుగవుతుంది, ఏడాది దాకా పట్టొచ్చు. ఆరు, ఏడు పూసల దగ్గర లోతుగా ఉంటుంది కాబట్టి కష్టం ఎక్కువ. అది వద్దనుకుంటే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఉబ్బిన కీళ్లలోకి స్టెరాయిడ్ వేయడం ఉంది. నొక్కుడులో కొంత వాపు వల్లే అయితే కొన్ని గుర్రాలు నెలల తరబడి తేరుకుంటాయి. నిజం చెప్పాలంటే, కణాలకి ఈ జబ్బులో ఎక్కడైనా చోటుందంటే ఆ కీళ్లలోనే ఉందని నా నమ్మకం. లేదా శస్త్రచికిత్సతో నొక్కుడు పోయాక, మిగిలిన నరాలకి ఊతంగా.

గడ్డివాము

కుక్కల్లో వెన్నుపాముకి కణాలు వేసి నడిపించారని విన్నాను, అది నిజమేనా?

కణం_కథ

2012లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన అది. వెన్ను దెబ్బతిన్న 34 పెంపుడు కుక్కలు. వేసింది వాటి ముక్కు పొరలోంచి తీసిన కణాలు, ఇవి మీసెంకైమల్ కణాలు కావు, వేరే రకం, నేరుగా దెబ్బతిన్న చోటే వేశారు. ఎవరికి కణాలు వేశారో, ఎవరికి ఉత్త ద్రవం వేశారో పరీక్షించేవాళ్లకి తెలియదు. కణాలు పడ్డవాటిలో ముందు, వెనక కాళ్ల సమన్వయం స్పష్టంగా మెరుగైంది. కానీ మెదడుకీ వెనక భాగానికీ మధ్య దూరపు దారులు తిరిగి వచ్చిన గుర్తులు దొరకలేదు. గుర్రాల్లో కూడా అలాంటి పరీక్ష జరగాలని నా కోరిక. అయితే కుక్కని ఎత్తుకుని తిప్పొచ్చు, గుర్రం తన కాళ్ల మీద తాను నిలబడాల్సిందే.

తెల్లచుక్క

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. విటమిన్ ఇ పరీక్ష బాగానే వచ్చింది. కణాలు ఎక్కిస్తామన్న చోట ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాను. ఎవరి కణాలన్నదానికి మాత్రం జవాబిచ్చారు, వేరే గుర్రానివట. బతికున్న కణాల లెక్క కాగితం మీద ఇవ్వం అన్నారు. వచ్చేశాను.

మైలోగ్రామ్ చేయించాం. ఆరు, ఏడు పూసల మధ్య ఒక్కచోటే నొక్కుకుంది. మత్తులోంచి లేచేటప్పుడు తలకి, తోకకి తాళ్లు కట్టి నలుగురు ఆసరా పట్టారు. మూడోసారి లేచి నిలబడింది. ఆ పది నిమిషాలు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. శస్త్రచికిత్సకి ఆగుదామని, ముందు కీళ్లలోకి స్టెరాయిడ్ వేయించాం. వెన్నుపూస గారు చెప్పినట్టు, వాపు ఎంత, ఎముక ఎంత అన్నది దీనివల్ల కొంత తెలుస్తుందని మా డాక్టరు గారు కూడా అన్నారు.

పగ్గం గారూ, ఒకే ఇసుక మీద మూడు వీడియోలు తీశాను, తేదీలు తీసేసి డాక్టరు గారికి పంపాను. మొదటిదానికి 2, రెండోదానికి 2, మూడోదానికి ఒకటిన్నర అన్నారు. నిన్న నడిపించాక నేలని దగ్గర నుంచి చూశాను. కుడి వెనక డెక్క ముందు ఇసుకలో గీత లేదు, గుంట శుభ్రంగా పడింది. ఎడమదాని ముందు ఇంకా వేలెడు పొడవు గీత ఉంది. వచ్చే నెల ఆ గీత పొడవు కూడా కొలిచి ఇక్కడే రాస్తాను.